రెండు గంటల అలర్టు

సంపు వాల్వు తిప్పి రఘుపతి కౌంటర్ దగ్గరికి తిరిగొచ్చేసరికి చార్జింగ్‌కు పెట్టిన ఫోను మీద రెండు వరుసలు వెలుగుతున్నాయి. మొదటిది, బయటి బెంచీ మీద ఎవరో వస్తువు వదిలేసి పోయారని. రెండోది, అదే బెంచీ దగ్గర ఒక మనిషి చాలాసేపుగా తచ్చాడుతున్నట్టు. కెమెరాలు బిగించి మూడు గంటలైనా కాలేదు, అప్పుడే దొంగను పట్టేసినంత హడావుడి.

అద్దాల తలుపులోంచి బయటికి చూశాడు. మనిషి జాడే లేదు. సిమెంటు బెంచీ మీద స్టీలు చెంబొకటి మే నెల ఎండకు తళతళలాడుతోంది. ఆ చెంబును రోజూ చూస్తూనే ఉన్నాడు గనక కొత్తగా ఆలోచించేదేమీ లేదు. దాని గురించి ఆలోచించకుండా ఉండటం ఏడాదిగా అతను కష్టపడి నేర్చుకున్న విద్య.

భువనగిరి ఖిల్లా కిందనే ఆ లాడ్జి. దగ్గర్లోని గుట్ట మీద దేవుడి దర్శనానికి వచ్చి అక్కడ గదులు దొరకని వాళ్లు, ఖిల్లా బండ ఎక్కడానికి సిటీ నుంచి వచ్చే కాలేజీ పిల్లలు ఇక్కడ దిగుతారు. రఘుపతి మేనేజరుగా చేరి పందొమ్మిదేళ్లు. పెద్ద సేటు పోయాక కొడుకు శ్రీకాంత్ చేతికి వచ్చింది లాడ్జి. ఏఐ కెమెరాలు పెట్టించాలని అతని పట్టుదల. రెండు కంపెనీలను చూసి, ఒకదాన్ని నాలుగు రోజులు ఊరికే పెట్టి చూపించమన్నాడు. "ఏది తీసుకోవాల్నో నువ్వే చెప్పాలె రఘుపతన్నా. రోజు కౌంటర్ల కూసునేది నువ్వు. సోమవారం వస్త" అన్నాడు.

పొద్దున కెమెరాలు బిగించడానికి వచ్చిన అమ్మాయి పేరు మనీష. ఊరు చిట్యాల, ఉద్యోగం హైదరాబాదులో. నిచ్చెన మీద నిలబడి నోట్లో రెండు స్క్రూలు పెట్టుకునే మాట్లాడింది.

"పాత కెమెరాలు చూసేటివి గానీ చెప్పకపోయేటివి సార్. ఏదన్న జరిగినంక మనం పోయి ఎతుక్కునేది. గిది అట్ల గాదు. జరుగుతాంటేనే చెప్తది."

"ఏం చెప్తది బిడ్డా?"

"ఒక జాగల మనిషి పది నిమిషాల కంటె ఎక్కువ నిలబడ్డా, కదలకుంట కూసున్నా ఫోను మోగుతది. వస్తువు ఇడిసిపెట్టి పోయినా మోగుతది."

"కదలకుంట కూసుంటె గూడనా?"

"గూడ. తాగి పడుంటరు గద సార్, అసొంటోళ్ల కోసం. మీరు పోయి లేపి పంపియ్యొచ్చు."

నిచ్చెన పట్టుకున్న రఘుపతి చెయ్యి జారింది. మనీష గోడను పట్టుకుని నిలదొక్కుకుంది. "జర భద్రం సార్" అని నవ్వింది. బొమ్మలు ఇప్పుడే ఫోనుకు రావని, మాటలే వస్తాయని, ఆదివారం వచ్చి అన్నీ లాప్‌టాప్‌లో చూపిస్తానని చెప్పి దిగింది.

రెండో కంపెనీ వాళ్లది ఇంకో గొప్ప. చేతిలో సామాను లేకుండా ఒంటరిగా వచ్చే మనిషిని గడప దగ్గరే కనిపెట్టి కౌంటర్లో ఎర్రదీపం వెలిగిస్తుందట. శ్రీకాంత్‌కు అది తెగ నచ్చింది. కౌంటర్ వెనక గోడ మీద పెద్ద సేటు రాయించిన బోర్డు ఇప్పటికీ ఉంది: 'ఒంటరి వ్యక్తులకు గదులు ఇవ్వబడవు.' ఈ ఊళ్లో, గుట్ట మీద, ఏ లాడ్జికి పోయినా ఇదే మాట. ఒంటరిగా దిగినవాడు తలుపేసుకుని ఏదైనా చేసుకుంటే పోలీస్ స్టేషను చుట్టూ తిరగాల్సింది లాడ్జి వాళ్లేనని భయం. "బాపు రూలును ఇంక మిషనే చూసుకుంటదన్నా" అన్నాడు శ్రీకాంత్ ఫోన్లో. రఘుపతి ఊఁ కొట్టాడు.

*

శుక్రవారం కూడా అదే వేళకు అవే రెండు వరుసలు. ఈసారి శ్రీకాంత్ వెంటనే ఫోను చేశాడు. అలర్టులు అతని ఫోనుకు కూడా పోతున్నాయి మరి.

"ఎవరన్నా అది? నిన్న, ఇయ్యాల గదే టైముకు, గదే జాగల. ఆ వస్తువేంది?"

"చెంబు సేటూ. నర్సింగమ్మ నీళ్లు పెడ్తది."

నోరు జారాక గానీ రఘుపతికి తెలియలేదు, గదులు కడిగే ఆమె పేరు బయటపెట్టానని.

"అయితె నిలబడేది గూడ ఆమెనే. డ్యూటీల ఉండి పది పదిహేను నిమిషాలు రోడ్డు మీద నిలబడుతాందంటె ఏదో కథ ఉన్నట్టే. పోయిన నెల పదకొండో నంబరుల గొలుసు పోయిందని లొల్లి చేసిండ్రు, యాదికున్నదా?"

"ఆ గొలుసు వాళ్ల బ్యాగులనే దొరికింది సేటూ."

"దొరికితె దొరికింది. గిట్ల అనుమానమున్న మనిషి మనకొద్దు. సోమవారం నేనే మాట్లాడి పంపిస్త."

ఫోను పెట్టేశాక రఘుపతి తాళంచెవుల బోర్డు వైపు చూశాడు. అప్పుడే చెప్పి ఉండొచ్చు, ఆమె అట్లాంటిది కాదని. చెప్పలేదు. ఆ బెంచీ మాట వస్తే చాలు, తప్పించుకోవడమే అలవాటైంది.

మేడ మీదికి వెళ్లాడు. నర్సింగమ్మ ఆరిన దుప్పట్లు మడతపెడుతోంది. దుప్పటి మధ్యభాగం గడ్డం కింద నొక్కిపట్టి, రెండు చేతులూ చాచి అంచులు కలిపి, ఒక్క విదిలింపుతో సగం చేస్తుంది. యాభై దాటినా ఆ చేతుల వేగం తగ్గలేదు.

"నర్సింగమ్మా, రేపటికెళ్లి ఆ చెంబు పెట్టకు. కెమెరా మోగుతాంది."

"మోగనీయి సారు. దూపతోని పోయిన పాణమది. ఏడాది నిండేదాంక నీళ్లు పెట్టాలె. ఇంక పదకొండు రోజులే ఉన్నయి."

"ఆమె నీకేమైతదని?"

"ఏం గాదు. అయ్యేటోళ్లకు ఎరుక లేకపాయె. ఎరుకున్నోళ్లే పెట్టాలె గద."

రఘుపతి ఆ మాట విననట్టే ఖిల్లా బండ వైపు చూశాడు. మధ్యాహ్నమంతా కాగిన రాయి సెగ ముఖానికి కొడుతోంది.

"చెంబు పెట్టినంక గాడనే నిలబడుతున్నవా?"

నర్సింగమ్మ చేతులు ఆగాయి. అతని వైపు తేరిపార చూసింది. "పద్దెనిమిది రూములు కడిగేది ఉంటది నాకు. నిలబడేంత తీరిక యాడిది సారు?"

"మరెవరు నిలబడేది? సేటు నువ్వే అనుకుంటున్నడు. సోమవారం వచ్చి పని బందు చేయిస్తనంటున్నడు."

ఆమె గడ్డం కింది దుప్పటి జారిపోతే పట్టుకోలేదు. "గీ వయసుల నాకు ఇంక పని ఎవలిస్తరు సారు?" అంది నెమ్మదిగా. దుప్పటి ఎత్తి మళ్లీ దులిపింది.

"నీకు కనపడ్డరా ఎవరన్న?"

"నా నోటితోని నేను చెప్ప సారు" అంది.

*

శనివారం జనం పలచగా ఉన్నారు. రఘుపతి మధ్యాహ్నం ఒంటిగంట నుంచే కౌంటర్లోని పాత కెమెరాల తెర ముందు కూర్చున్నాడు. ఆ నిలబడేదెవరో ఇవాళ కళ్లతో చూడాలని. బెంచీ మీద లాడ్జి పేరు బోర్డు నీడ పడి ఉంది. ఒంటిగంటన్నర దాకా ఆ నీడ అక్కడే ఉంటుంది, తర్వాత జరుగుతుంది.

నీడ జరగడం మొదలుపెట్టింది. రఘుపతి చూపు తిప్పుకోలేకపోయాడు.

పోయినేడాది కూడా ఇదే తెర. నెత్తిన తువ్వాల కప్పుకుని, చేతిలో గుడ్డసంచితో ఆ ముసలమ్మ కౌంటర్ దగ్గరికొచ్చి నిలబడింది. అతను అలవాటుగా రిజిస్టరు లాక్కున్నాడు. పేరు? అండాలు. ఊరు? కోస్గి. ఫోన్ నంబరు? కొంగుముడి విప్పి, చెమటకు మెత్తబడ్డ చీటీ తీసి కౌంటర్ మీద పెట్టింది. మా పెద్దోనిది బిడ్డా, హనుమంతుది, అంది. అతను పది అంకెలూ రాసుకున్నాడు. అంతా రాశాక అడిగాడు, ముందు అడగాల్సిన మాట.

"ఎంతమందున్నరు?"

"ఒక్కదాన్నే. గుంపుతోని వచ్చిన. గుట్ట కాడ నన్ను ఇడిసి బస్సు ఎల్లిపోయింది. గంటసేపు నడుము వాలుస్త బిడ్డా, కాళ్లు గుంజుతున్నయి."

అతను గోడ మీది బోర్డు చూపించాడు. ఆమెకు చదువు రాదు. అతనే చదివి వినిపించాడు. స్కేలు పెట్టి రిజిస్టరులో రాసిన వరుస మీద నిండా గీత గీశాడు. తాళంచెవుల బోర్డుకు అప్పుడు తొమ్మిది తాళాలు వేలాడుతున్నాయి. కింద నాలుగో నంబరు గది తుడిచి సిద్ధంగా ఉంది.

"రూలు అవ్వా. నేనేం జేయలేను. బయట బెంచీ మీద నీడున్నది, కూసో."

ఆమె గొడవపడలేదు. "మంచిది బిడ్డా" అంది. చీటీ మరిచిపోయి వెళ్లి బెంచీ మీద కూర్చుంది. అతను తెర మీద చూశాడు. నీడ మొదట ఆమె పాదాలను వదిలింది. తర్వాత మోకాళ్లను, ఒళ్లో సంచిని. చివరికి నెత్తిన తువ్వాలను. ఆమె కదలలేదు. నిద్రపోయిందనుకున్నాడు. ఒకసారి లేవబోయాడు కూడా. ఎవరో వచ్చి తాళంచెవి ఇచ్చి రసీదు అడిగారు. నాలుగు గంటలకు నర్సింగమ్మ పోయి భుజం మీద చెయ్యి వేసే దాకా ఆమె అట్లాగే కూర్చుని ఉంది.

పోలీసులు వచ్చి అడిగారు. "ఎవరో తెల్వదు సార్. బస్సు కోసం కూసున్నట్టున్నది" అన్నాడు రఘుపతి. సంచిలో ప్రసాదం పొట్లం, దువ్వెన తప్ప ఇంకేం లేవు. కౌంటర్ పక్కన తడిగుడ్డ పట్టుకుని నిలబడ్డ నర్సింగమ్మ అతని వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. మూడు రోజులు దవాఖానలో ఉంచి, గుర్తు తెలియని ఆడమనిషి అని రాసి, మున్సిపాలిటీ వాళ్లే మట్టి చేశారు.

ఈ కొత్త కెమెరా ఆ రోజు ఉండి ఉంటే ఫోను మోగేదేమో. మోగితే తాను లేచేవాడా? రఘుపతి ఈ ప్రశ్నను ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు, ఎటు తిప్పినా జవాబు ఒక్కటే. మోగాల్సిన పనేముంది, కళ్లారా చూస్తూనే ఉన్నాడు కదా.

నర్సింగమ్మ వచ్చి చెంబు పెట్టి పోయింది. గోడ గడియారం రెండు కొట్టింది. సంపు నిండే వేళ. రఘుపతి ఫోను చార్జింగ్‌కు పెట్టి, లేచి వాల్వు దగ్గరికి నడిచాడు. అర నిమిషం పని. తిరిగొచ్చేసరికి ఫోను మీద రెండు వరుసలు.

వాల్వు ఉన్నది బెంచీ పక్కనే. ఇప్పటిదాకా తాను అక్కడే ఉన్నాడు. నరమానవుడు కనపడలేదు.

*

ఆదివారం మనీష లాప్‌టాప్ తెరిచి ఒక్కొక్కటే చూపించింది. గేటు దాటిన బళ్ల నంబర్లు, మెట్ల మీద పరుగెత్తిన పిల్లలు, వంటగది వెనక పొగ. రఘుపతి అన్నింటికీ తల ఊపి, చివరికి గొంతు సవరించుకున్నాడు.

"ఆ బెంచీ కాడ మనిషిని చూపియ్యి బిడ్డా."

"మూడు రోజులు, మూడుసార్లు, ఒక్కరే సార్. పేర్లు ఇంక ఎక్కియ్యలే గద, మిషను 'మనిషి ఏడు' అని పెట్టుకున్నది."

బొమ్మ కదిలింది. నీలం గళ్ల చొక్కా వేసుకున్న మనిషి, వీపు ఇటువైపు. వంగి వాల్వు తిప్పాడు. నడుము పట్టుకుని లేచాడు. లాడ్జి వైపు తిరగాల్సినవాడు బెంచీ వైపు తిరిగి, దాని ముందు నిలబడిపోయాడు. పక్కన అంకెలు పరుగెడుతున్నాయి. నాలుగు నిమిషాలు. ఎనిమిది. మనిషి నెత్తి మీద ఎండ, చేతులు పక్కన.

మనీష బొమ్మను ఆపింది. అతని చొక్కా వైపు చూసి, చూపు దించుకుంది. అదే నీలం గళ్లది.

"సార్, గిది మీరే గద?"

అర నిమిషం పని. పందొమ్మిదేళ్లుగా చేస్తున్న అర నిమిషం పని. తెర మీద పదమూడు నిమిషాలని ఉంది.

"ఇంకో కెమెరాల మొఖం గూడ పడ్డది" అని ఆ అమ్మాయి మెల్లగా ఇంకోటి పెట్టింది. అతని ముఖమే. కళ్లు బెంచీ మీద, మనిషి తల ఎంత ఎత్తున ఉంటుందో అంత ఎత్తున నిలిచి ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి. "ఫోన్ల మాట్లాడుతున్నరనుకున్న సార్. గానీ చేతుల ఫోను లేదు."

ఫోను చార్జింగ్‌లో ఉందని అతనికి తెలుసు. ఏం మాట్లాడాడో మాత్రం తెలియదు. తన నోరే తనకు తెలియకుండా ఎవరితోనో మాట్లాడుతోంది. స్టూలు జరుపుకుని కూర్చున్నాడు.

మనీషకు జాలి వేసినట్టుంది. "ఏం ఫికర్ లేదు సార్. మీ మొఖం స్టాఫ్ జాబితాల ఎక్కిస్త. ఇంక మీరు ఎంతసేపు నిలబడ్డా మోగది."

"సేటుకు పోయే రిపోర్టుల?"

"అందులకెళ్లి గూడ పోతది."

ఎంత సులువు! ఎవరికీ కనపడకుండా నిలబడొచ్చు. రఘుపతి నోట "చెయ్యి బిడ్డా" అన్న మాట వచ్చేసింది. ఆమె రెండు మీటలు నొక్కింది. 'మనిషి ఏడు' ఎదురుగా ఉన్న మూడు సున్న అయింది. చెంబు మాత్రం మిగిలింది, అది పెట్టే నర్సింగమ్మ మిగిలింది.

మనీష వెళ్లాక రెండు గంటలకు అతను కావాలనే ఫోను జేబులో వేసుకుని వెళ్లాడు. వాల్వు తిప్పాడు. బెంచీ వైపు తిరిగాడు. చెంబు అలర్టు వచ్చింది. మనిషిది మోగుతుందేమోనని చూశాడు. మోగలేదు. చాలాసేపు మోగలేదు. ఇన్నాళ్లూ కనీసం ఆ మిషనైనా ఎవడో ఇక్కడ నిలబడ్డాడని మొత్తుకుంది. ఇప్పుడు దానికీ అతను అవసరం లేదు.

"సారు" అని వెనక నుంచి నర్సింగమ్మ పిలిచింది. "లోపటికి రాండ్రి. మాడిపోతున్నరు."

"నర్సింగమ్మా, నేను రోజు గిక్కడ ఏమంటనో నీకు ఎరుకనా?"

ఆమె చెంబు అందుకుని అతని చేతుల వైపు చూసింది. "ఎరుకే సారు. 'రూమున్నది అవ్వా, లోపటికి రా' అంటరు."

రఘుపతి కూడా కిందికి చూసుకున్నాడు. కుడిచేతి గుప్పిట్లో తాళంచెవి ఉంది. చెక్క బిళ్ల మీద నాలుగు అంకె.

"రోజు గదే పట్టుకొస్తరు" అంది నర్సింగమ్మ. "గందుకే చెప్పలే."

*

సోమవారం పన్నెండు దాటాక శ్రీకాంత్ కారు దిగాడు. మనీష పంపిన రిపోర్టు ఫోన్లో ముందే చూసుకున్నాడు.

"ఏందన్నా గిది? నిలబడ్డ మనిషి రిపోర్టుల లేడు. మొన్న నాకొచ్చిన మెసేజీలు అబద్ధమా?" అంటూనే నర్సింగమ్మను పిలిపించాడు. ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి కౌంటర్ పక్కన నిలబడింది. పోయినేడాది నిలబడ్డ చోటనే. "చూడు నర్సింగమ్మా, నీ మీద నాకేం కోపం లేదు. గానీ డ్యూటీల రోడ్డు మీద..."

"నిలబడేది నేను సేటూ" అన్నాడు రఘుపతి.

శ్రీకాంత్ నవ్వబోయి ఆగాడు. రఘుపతి అల్మారా తెరిచి పోయినేటి రిజిస్టరు తీశాడు. పేజీ వెతకాల్సిన పని లేకపోయింది. చీటీ ఉన్న దగ్గర దానంతటదే తెరుచుకుంది.

"ఆ బెంచీ మీద పోయినామె గీమెనే. అండాలు, కోస్గి. గంటసేపు పండుకుంట, రూమియ్యమని అడిగింది. తొమ్మిది రూములు ఖాళీ ఉన్నయి. నేను ఇయ్యలే. పోలీసులకు తెల్వదని చెప్పిన. నంబరు గూడ రాసుకోని, తెల్వదని చెప్పిన."

శ్రీకాంత్ గీత కింది అక్షరాలను వేలితో తడుముతూ చదివాడు. లేచి అద్దాల తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"నువ్వు బాపు రూలు ప్రకారమే చేసినవ్. అందుల తప్పేమున్నది? ఏడాదాయె. ఎవరన్న వచ్చి అడిగిండ్రా? లేదు. ఇప్పుడు గిది తవ్వితె పోలీసులొస్తరు, పేపరోళ్లొస్తరు, లాడ్జి పేరు పోతది. నీ నౌకరి గూడ ఉండదన్నా, ఆలోచించుకో."

"యాడికని వచ్చి అడుగుతరు సేటూ? గుట్ట కాడ ఎతికుంటరు, గీడికి వచ్చిందని ఎరుకనే లేకపాయె."

"నర్సింగమ్మను ఏమనను, సరేనా? ఉండనీయి. గా రిజిస్టరు లోపట పెట్టెయ్."

రఘుపతి నర్సింగమ్మను చూశాడు. ఆమె అతన్నే చూస్తోంది. తాళంచెవుల బోర్డుకు నాలుగో నంబరు కొక్కెం ఖాళీగా ఉంది. అతను జేబులోంచి తాళంచెవి తీసి దానికి తగిలించాడు. పందొమ్మిదేళ్ల నౌకరి పోతుందంటే భయంగానే ఉంది.

"కెమెరాలు మనీషోళ్లవే పెట్టుకో సేటూ" అన్నాడు. "గానీ జాబితాలకెళ్లి నా మొఖం తీసెయ్యమను. మోగనీయి."

చీటీ మడతలు విప్పి కౌంటర్ మీద పరిచాడు. తన ఫోన్లో ఒక్కో అంకెనూ చూసి చూసి నొక్కాడు. శ్రీకాంత్ ఫోను లాక్కోవడానికి చెయ్యి చాచి, ఎందుకో వెనక్కి తీసుకున్నాడు. అవతల నాలుగుసార్లు మోగింది. ఎవరో ఎత్తారు. ట్రాక్టరు చప్పుడులో మాట సరిగా వినపడలేదు.

"హలో, ఎవలు?"

"హనుమంతేనా? నేను భువనగిరికెళ్లి మాట్లాడుతున్న. మీ అమ్మ పేరు అండాలేనా?"

అవతల ట్రాక్టరు చప్పుడు ఆగిపోయింది. ఎవరినో ఊరుకోమని కసిరిన గొంతు. మళ్లీ ఫోను దగ్గరికొచ్చిన ఊపిరి.

"దొరికిందా సార్?" అన్నాడు ఆ మనిషి. "ఏమన్న తిన్నదా? జర ఆమెను గాడనే కూసోబెట్టుండ్రి సార్, నేను ఇప్పుడే బయలెల్లి వస్తున్న."